కంటికి లెక్క ఉన్నది, చూపుకు లెక్క లేదు

న్యూఢిల్లీ: డెబ్బది ఏళ్ళు నిండిన వృద్ధులందరికీ, వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమాను వర్తింపజేసే కార్యక్రమాన్ని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 29న దేశ రాజధానిలో ప్రారంభించారు. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చును ప్రభుత్వమే భరిస్తుందన్న హామీ వృద్ధులకు ఊరట కలిగించేదే. ఆ వయస్సులో మనిషిని పరాధీనుణ్ణి చేసే జబ్బులలో కంటి శుక్లానిది మొదటి వరుస.

అదే అక్టోబరు నెలలో, ఢిల్లీకి సుదూరంగా, బస్తర్ సీమలోని దంతెవాడ జిల్లా ఆసుపత్రిలో కొందరు గిరిజన వృద్ధులు శుక్లాలు తీయించుకున్నారు. వారిలో పదిమందికి పైగా కళ్ళలో ఇన్‌ఫెక్షన్ సోకింది. మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించి వారిని రాయపూర్‌లోని అంబేద్కర్ ఆసుపత్రికి తరలించారు. మంత్రిగారు పరామర్శించారు. ప్రతిపక్షం విమర్శించింది. శస్త్రచికిత్స చేసిన వైద్యులను, సిబ్బందిని సస్పెండ్ చేశారు. తరువాత పత్రికలు వేరే వార్తలకు మళ్ళాయి.

దంతెవాడది ప్రభుత్వాసుపత్రి. అక్కడ జరిగిన దుర్ఘటనకు బీమాయే కారణమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆ దుర్ఘటన ఒక ప్రశ్నను మన ముందు నిలిపింది. ప్రజల సొమ్ముతో కంటి చికిత్స చేయించే ప్రభుత్వం, ఆ చికిత్స చేసే వైద్యునితో గాని, ఆసుపత్రితో గాని కుదుర్చుకొనే ఒప్పందంలో అసలు దేనిని కొనుగోలు చేస్తున్నది? శస్త్రచికిత్సనా, చూపునా? ఈ రెండూ ఒకటేనని అనుకోవడంలోనే మన విధానపు మూలదోషం ఉన్నది.

పాత కథకు కొత్త పేర్లు

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో ఒక స్వచ్ఛంద సంస్థ ఏర్పాటుచేసిన నేత్ర శిబిరంలో శుక్లాలు తీయించుకున్న 88 మందిలో 84 మందికి ఆపరేషన్ చేసిన కన్ను శాశ్వతంగా దెబ్బతిన్నది. ఆపరేషన్‌లో వాడిన సెలైన్ కలుషితమైనదన్న విషయం ఆ కేసులో ముందుకు వచ్చింది. వ్యాజ్యం సుప్రీం కోర్టుకు చేరగా, 1989లో తీర్పు వచ్చింది. అంతకుముందు ఇచ్చిన 5,000 రూపాయలకు తోడు ఒక్కొక్క బాధితునికి మరి 12,500 రూపాయలు చెల్లించవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వాన్ని న్యాయస్థానం ఆదేశించింది. సేవాభావంతో చేసిన పని అయినంత మాత్రాన ప్రమాణాలను సడలించుకోవచ్చునన్న వాదన చెల్లదని దేశానికి అప్పుడే తెలిసివచ్చి ఉండవలసింది.

తెలిసిరాలేదు. 2011లో ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్‌లో జరిగిన శిబిరంలో నలభై మందికి పైగా చూపు కోల్పోయారు. ఆ రాష్ట్ర ప్రజలు నేటికీ దానిని 'ఆంఖ్‌ఫోడ్‌వా కాండ్' అనే పిలుస్తారు. కళ్ళు పొడిచిన ఉదంతమని ఆ మాటకు అర్థం. మన హైదరాబాదు కూడా మినహాయింపు కాలేదు. 2016లో సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ సమయంలో వాడిన ద్రావణం కలుషితమై పదముగ్గురికి ఇన్‌ఫెక్షన్ సోకింది. వారిలో కొందరికి ఆ కన్ను పోయింది. ఖుర్జాలోని సెలైన్ సీసాకు, హైదరాబాదులోని సీసాకు మధ్య ముప్ఫై ఏళ్ళ దూరం. పాఠం మాత్రం ఒకటే, దానిని నేర్చుకోనిదీ ఒకే వ్యవస్థ.

ప్రతి ఉదంతం తరువాతా జరిగే తంతులో కూడా మార్పు లేదు: సస్పెన్షన్, విచారణ సంఘం, నష్టపరిహారం, మౌనం. ఇన్‌ఫెక్షన్ సోకడమన్నది అందరికీ కనిపించే దుర్ఘటన. అందువల్ల అది వార్త అయింది. ఇన్‌ఫెక్షన్ లేకుండానే, ఆపరేషన్ 'విజయవంతం'గా ముగిసి, మనిషికి మాత్రం సరైన చూపు రాని సందర్భాలు వార్తకెక్కవు. ఏ లెక్కకూ ఎక్కవు. ఎందుకంటే ఆ లెక్క తీయవలసిన బాధ్యత ఎవరిపైనా లేదు.

సంఖ్యల విజయం, సంఖ్యల లోపం

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. 1976లో ప్రారంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం సాధించినది తక్కువ కాదు. 1990 దశకం మధ్యలో ప్రపంచ బ్యాంకు రుణంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల శస్త్రచికిత్సను విస్తరించినప్పుడు అందులో ఆంధ్రప్రదేశ్ ఉన్నది, నాడు బస్తర్ అంతర్భాగంగా ఉన్న మధ్యప్రదేశ్ కూడా ఉన్నది. శుక్లం తీసి దళసరి అద్దాలు చేతికిచ్చే పద్ధతి పోయి, కంటిలోనే లెన్సు అమర్చే పద్ధతి పేదవానికి కూడా అందుబాటులోకి వచ్చింది ఆ కాలంలోనే. 1970లలో నూటికి 1.4గా అంచనా వేసిన అంధత్వం 2015-19 జాతీయ సర్వే నాటికి 0.36కు తగ్గింది.

ఈ తగ్గుదలలో కొంత భాగం నిర్వచనానిది. ఆరు మీటర్ల దూరం నుండి చేతివేళ్ళు లెక్కించలేనివాడు 2017కు పూర్వం మన లెక్కలో అంధుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణానికి అనుగుణంగా ఆ ఏడాది దానిని మూడు మీటర్లకు తగ్గించారు. అయినా ప్రగతి జరగలేదనడం సత్యదూరం. అదే సర్వే చెప్పిన మరొక నిజం ఏమిటంటే, యాభై ఏళ్ళు దాటినవారి అంధత్వంలో 66 శాతానికి పైగా నేటికీ శుక్లాలే కారణం. ఒక్క ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బు మూడింట రెండు వంతుల అంధత్వానికి కారణంగా మిగిలి ఉండడం వైద్యశాస్త్రపు వైఫల్యం కాదు, పరిపాలనా వైఫల్యం.

ఆ పరిపాలన మొదటి నుండీ లెక్కించినది ఆపరేషన్లనే. జిల్లాకు ఇన్ని అని లక్ష్యం. స్వచ్ఛంద సంస్థకు కంటికి ఇంత అని గ్రాంటు. లక్ష్యం పూర్తయిన జిల్లాకు మెప్పు, పూర్తికాని జిల్లాకు తాఖీదు. లక్ష్యాల వెంట పరుగు ఎక్కడికి దారితీస్తుందో ఛత్తీస్‌గఢ్‌కు మరొక రంగంలో 2014లోనే అనుభవమైంది. బిలాస్‌పూర్ సమీపంలో ఒకే రోజున, కొద్ది గంటల వ్యవధిలో, 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో పదిమందికి పైగా మరణించారు. అటువంటి శిబిరాలకు స్వస్తి చెప్పవలసిందిగా 2016లో సుప్రీం కోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఒప్పందంలో ఉన్నదీ, లేనిదీ

లక్ష్యాల యుగం మీద బీమా యుగం వచ్చి చేరింది. 2008లో కేంద్రం రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనను ప్రారంభించింది. కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల చికిత్స, చేతిలో ఒక స్మార్ట్ కార్డు. ఛత్తీస్‌గఢ్ 2012లో మిగిలిన కుటుంబాలకు కూడా దానిని ముఖ్యమంత్రి పేరిట విస్తరించింది. 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. ఆ తరువాత రాష్ట్రంలో పథకానికి ఒక ప్రభుత్వం డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ పేరు పెట్టింది, తదుపరి ప్రభుత్వం అమరవీరుడు వీర్ నారాయణ్ సింగ్ పేరు పెట్టింది. ఇద్దరూ ప్రాతఃస్మరణీయులే. కాని పేరు మారినంత సులభంగా ఒప్పందపు స్వభావం మారలేదు.

ఆ స్వభావమేమిటి? ఒప్పందం రాష్ట్ర ఆరోగ్య సంస్థకు, లేదా అది ఎన్నుకొన్న బీమా కంపెనీకి, ఆసుపత్రికి మధ్య జరుగుతుంది. ప్రతి చికిత్సకూ ప్యాకేజీ ధర నిర్ణయమై ఉంటుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి కాగితాలు, ఛాయాచిత్రాలు పంపుతుంది. వాటిని పరిశీలించి సొమ్ము విడుదల చేస్తారు. రోగి ఈ ఒప్పందంలో కక్షిదారు కాడు. అతని వేలిముద్ర ఉంటుంది, అతని మాట ఉండదు. బస్తర్‌లో అతని మాట గోండి కావచ్చు, హల్బీ కావచ్చు, దక్షిణాన దోర్లీ కావచ్చు. కాగితం మీది భాష హిందీ, లేకుంటే ఇంగ్లీషు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాలపరిమితి. ఆయుష్మాన్ భారత్ నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరడానికి మూడు రోజుల ముందు ఖర్చులు, విడుదలైన తరువాత పదిహేను రోజుల ఖర్చులు ప్యాకేజీలో ఇమిడి ఉంటాయి. శుక్లం తీసిన కంటిలో చూపు కుదుటపడి, దానిని సరిగా కొలిచి, అవసరమైతే అద్దాలు రాసివ్వడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అనగా, చూపు వచ్చిందో లేదో తేలే రోజుకు చాలా ముందే ఒప్పందం ముగిసిపోతున్నది. కళ్ళజోడు ఆ ఒప్పందంలోనే లేదు. ఆసుపత్రిలో చేరనవసరం లేని సాధారణ కంటి పరీక్ష కూడా లేదు. పంట ఇంటికి రాకముందే కౌలు లెక్క తీర్చివేసినట్లున్నది ఈ వ్యవహారం.

ఇటువంటి ఒప్పందాలు దుర్వినియోగానికి ఎంతగా లొంగుతాయో చెప్పడానికి దూరం పోనక్కరలేదు. స్మార్ట్ కార్డు సొమ్ము కోసం ప్రైవేటు ఆసుపత్రులు అవసరం లేని స్త్రీలకు గర్భసంచులు తొలగించాయన్న ఆరోపణ 2012లో ఛత్తీస్‌గఢ్‌ను కుదిపివేసింది. 2023లో పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, సుమారు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు ఒకే ఒక టెలిఫోన్ నంబరుతో నమోదయ్యారని, అంతకుముందే మరణించినట్లు నమోదైన 3,446 మంది రోగుల చికిత్సకు 6 కోట్ల 97 లక్షల రూపాయలు చెల్లించారని వెల్లడించారు. చనిపోయినవాని పేరిట చికిత్స జరిగినా కనిపెట్టలేని యంత్రాంగం, బ్రతికి ఉన్నవానికి చూపు వచ్చిందా అని కనిపెట్టగలదా?

ఆసుపత్రుల మొర కూడా వినాలి. ప్యాకేజీ ధరలు గిట్టుబాటు కావని, బకాయిలు నెలల తరబడి అందవని వారి ఫిర్యాదు. క్లెయిమును పదిహేను రోజులలో పరిష్కరించాలన్న నిబంధన కాగితం మీద ఉన్నది. 2025లో ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు నిలిపివేసిన సంగతి పాఠకులకు తెలిసినదే. తాను పాటించని ఒప్పందాన్ని ఎదుటివాడు పాటించాలని కోరే నైతిక అర్హత ఏ ప్రభుత్వానికీ ఉండదు.

సంపన్న దేశపు అనుభవం

బీమాదారునికి, కంటి వైద్యునికి మధ్య తగవు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో కంటి పరీక్షకు, కళ్ళజోళ్ళకు ప్రత్యేక బీమా పథకాలున్నాయి. కొన్ని బీమా సంస్థల అధీనంలోనే, లేదా వాటి మాతృసంస్థల అధీనంలోనే, కళ్ళజోళ్ళ ఫ్రేములు తయారుచేసే కంపెనీలు, అద్దాలు అరగదీసే ప్రయోగశాలలు, చిల్లర దుకాణాలు ఉన్నాయి. పథకంలో లేని సేవలకు కూడా మేము చెప్పిన ధరే తీసుకోవాలని, మా ప్రయోగశాలకే పని పంపాలని వైద్యులను ఒప్పందాలతో కట్టివేస్తున్నారన్నది అక్కడి నేత్రవైద్యుల ఆరోపణ. దానిని అరికట్టడానికి అనేక రాష్ట్రాలు చట్టాలు చేశాయి. 2023లో టెక్సాస్ చేసిన చట్టం వాటిలో ఒకటి.

అక్కడ తగాదా కళ్ళజోడు ధర గురించి. ఇక్కడ తగాదా కన్ను గురించే. అయినప్పటికీ గ్రహించదగిన నీతి ఒకటే. సొమ్ము చెల్లించేవాడు, చికిత్స చేసేవాడు కూర్చుని వ్రాసుకొన్న కాగితంలో మూడవవాడైన రోగి ప్రయోజనం తనంతట తాను చోటుచేసుకోదు. చట్టం దానిని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకురావాలి. పైగా టెక్సాస్ రోగికి ఒక వైద్యుడు నచ్చకపోతే పక్క వీధిలో మరొకడుంటాడు. ఏడు జిల్లాలతో కేరళ కన్నా విశాలమైన బస్తర్‌లో 'రోగికి నచ్చిన ఆసుపత్రి' అన్న మాట చాలా ఊళ్ళలో అలంకారమే. ఛత్తీస్‌గఢ్‌లో ప్రైవేటు ఆసుపత్రులు రాయపూర్, దుర్గ్, బిలాస్‌పూర్ మైదానాలలో గుమికూడి ఉన్నాయి. పోటీయే నాణ్యతను కాపాడుతుందన్న వాదానికి పోటీ లేని అడవిలో విలువ లేదు. అక్కడ నిబంధన ఒక్కటే రక్షణ.

చేయవలసినదేమిటి

ప్రపంచం లెక్కించే తీరు ఇప్పటికే మారింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ శుక్లాల విషయంలో 2030కి ఒక లక్ష్యం నిర్ణయించింది. అది ఆపరేషన్ల సంఖ్య కాదు, 'ఫలవంతమైన' ఆపరేషన్ల వ్యాప్తి. ఆపరేషన్ అవసరమైనవారిలో ఎందరికి ఆపరేషన్ జరిగి, మంచి చూపు కూడా వచ్చిందన్నదే కొలబద్ద. ఆ సభలో సభ్యత్వమున్న భారతదేశం తన ఒప్పందాలలో మాత్రం పాత కొలబద్దనే పట్టుకొని ఉన్నది.

కాబట్టి చేయవలసిన మొదటి పని, ప్యాకేజీ సొమ్ములో కొంత భాగాన్ని నిలిపి ఉంచి, ఆరు వారాల తరువాత రోగి చూపును కొలిచి నమోదు చేసిన పిమ్మట విడుదల చేయడం. అవసరమైన కళ్ళజోడు ఆ ప్యాకేజీలో భాగం కావాలి. ఈ కొలత ఆపరేషన్ చేసిన ఆసుపత్రి చేతిలో ఉండరాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని కంటి పరీక్షల సహాయకుడు ఆ పని చేయగలడు. రోగిని అక్కడికి చేర్చడానికి మితానిన్ ఉన్నది. దేశమంతటా ఆశా కార్యకర్తలు రాకముందే, 2002లోనే ఛత్తీస్‌గఢ్ నిలబెట్టుకొన్న గ్రామ ఆరోగ్య కార్యకర్త ఆమె. ఆమెకు ఈ పనికి గౌరవప్రదమైన ప్రతిఫలం ఇవ్వాలి.

దీనికొక బలమైన అభ్యంతరం ఉన్నది. ఫలితాన్ని బట్టి చెల్లిస్తే, వైద్యులు సులభమైన కళ్ళనే ఎంచుకొని, బాగా ముదిరిన శుక్లాలున్నవారిని వదలివేస్తారని అనుభవజ్ఞులు హెచ్చరిస్తారు. బస్తర్‌లో ఆసుపత్రికి వచ్చేసరికి శుక్లం ముదిరి ఉండేవారే ఎక్కువ కనుక ఈ భయం నిరాధారం కాదు. అందుచేత జరిమానా చూపు రానందుకు కాదు, చూపు కొలవనందుకు ఉండాలి. ఫలితం ఎలా ఉన్నా నిజాయితీగా కొలిచి నమోదు చేసిన ఆసుపత్రికి పూర్తి సొమ్ము అందాలి. ఏడాది మొత్తం మీద పేలవమైన ఫలితాలు ప్రమాణాన్ని మించితే ముందు సహాయం, శిక్షణ, పరికరాల తనిఖీ. అప్పటికీ మారకపోతే జాబితా నుండి తొలగింపు. వైద్యుణ్ణి బెదిరిస్తే లెక్కలు అబద్ధమాడుతాయి. వ్యవస్థ నేర్చుకోవాలంటే లెక్క నిర్భయంగా ఉండాలి.

రెండవది, ఈ నియమం ప్రభుత్వాసుపత్రికీ వర్తించాలి. దంతెవాడ చెప్పిన పాఠం అదే. ప్రైవేటువానికి ఒప్పందం, ప్రభుత్వానికి సర్క్యులర్ అన్న తేడా రోగి కంటికి తెలియదు. శస్త్రచికిత్స గది శుభ్రతను, వాడే ద్రావణాల ప్రతి విడతనూ పరీక్షించిన పత్రం లేనిదే ఎక్కడా కత్తి పట్టరాదు. మూడవది, ఆసుపత్రుల వారీగా ఫలితాలను బహిరంగంగా ప్రకటించాలి, గ్రామసభలో స్థానిక భాషలో చదివి వినిపించాలి. నాలుగవది, ఆసుపత్రికి చెల్లింపు గడువు దాటితే వడ్డీ చెల్లించే నిబంధన కచ్చితంగా అమలు కావాలి.

ఇది అసాధ్యమేమీ కాదు. 1976లో మదురైలో మొదలైన అరవింద్ ఆసుపత్రి, 1987లో హైదరాబాదులో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పేదవాని కంటికీ ధనికుని కంటికీ ఒకే ప్రమాణం పాటించవచ్చునని దశాబ్దాలుగా చూపుతూనే ఉన్నాయి. గ్రామంలోనే చిన్న దృష్టి కేంద్రం, దానిపైన పట్టణంలో శస్త్రచికిత్స కేంద్రం, దానిపైన పెద్దాసుపత్రి అన్న ఎల్.వి. ప్రసాద్ సంస్థ అంచెల పద్ధతి, ఆపరేషన్ అయిన రోగి మళ్ళీ కంటపడేటట్లు చేసే పద్ధతి.

మనకేమిటి సంబంధం?

బస్తర్ గొడవ తెలుగువారికెందుకన్న ప్రశ్న రావచ్చు. కోంటా నుండి జగదల్‌పూర్ కన్నా భద్రాచలం చేరువ. భోపాలపట్నం ప్రాంతపు రోగులు గోదావరి దాటి ఇటు వస్తారు. 2005 తరువాత సల్వాజుడుం హింసకు ఊళ్ళు విడిచి వచ్చిన గొత్తికోయలు నేడు మన అడవులలోనే నివసిస్తున్నారు. ఆయుష్మాన్ కార్డు దేశమంతటా చెల్లుతుందని ఢిల్లీ చెబుతున్నది. ఒక రాష్ట్రంలో కార్డు, మరొక రాష్ట్రంలో ఆపరేషన్, మూడవ చోట నివాసం ఉన్న మనిషి కంటికి జవాబుదారు ఎవరన్నది మాత్రం ఏ ఒప్పందమూ చెప్పదు. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పేరిట లక్షలాది మందిని పరీక్షించిన మనకు, పరీక్షించడం సగం పని మాత్రమేనని తెలిసి ఉండాలి.

బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కిరండూల్ నుండి రైలెక్కి విశాఖపట్నం రేవుకు చేరుతున్నది. ఎక్కించేటప్పుడూ తూకమే, దించేటప్పుడూ తూకమే. టన్నుకు ఎంత అన్నది ఒప్పందంలో స్పష్టం. ఆ కొండల కింద నివసించే వృద్ధురాలి కంటిలో శుక్లం తీసి లెన్సు పెట్టినప్పుడు, ఆరు వారాల తరువాత ఆమె తన మనుమరాలి ముఖం గుర్తుపట్టగలిగిందా అన్న ఒక్క లెక్కను కూడా అంతే శ్రద్ధగా తీయమని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. ఆ లెక్క ఒప్పందంలోకి ఎక్కేదాకా, బీమా మొత్తం 5 లక్షలైనా, 10 లక్షలైనా, ప్రభుత్వం కొనుగోలు చేస్తున్నది ఆపరేషన్లనే. చూపును కాదు.